గోరింక, చెరుకు, క్లారినెట్

మా ఇంటి గోడకు రెండు క్యాలెండర్లు వేలాడేవి. ఒకటి పంచాంగం క్యాలెండర్. ముహూర్తాలున్న తేదీల కింద బాపు ఎర్ర పెన్నుతో గీత గీసి పక్కన ఊరి పేరు రాసేవాడు: వర్ని, కోటగిరి, రెంజల్, ఎడపల్లి. రెండోది నాది. చెరుకు క్రషింగ్ ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ఆగుతుంది, ఏ వారం చెరుకులోంచి చక్కెర రికవరీ ఎంత అన్నవి అందులో ఉండేవి. బాపు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. నేను బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా బతికాను. నా క్యాలెండర్ చూడకుండా ఆయన తన క్యాలెండర్ మీద గీత గీసేవాడు కాదు. "చెరుకు పైసలు పడకముందు లగ్గం పెట్టుకున్నోళ్ళ బయానా ఎప్పటికీ ఉద్దెరే" అనేవాడు.

మా నిజామాబాద్ జిల్లాలో బ్యాండు మేళం ఎట్లా వచ్చింది, దేని మీద బతికింది, ఇప్పుడు ఎవరి మీద ఆధారపడింది అన్నది చెప్పాలని కూర్చున్నాను. మధ్యలో జాజ్ దాకా పోయి వస్తాను. బోధన్‌కూ జాజ్‌కూ ఏం చుట్టరికం అని నవ్వేవాళ్ళు ఉంటారు. చెరుకు చుట్టరికం.

నిజామాబాద్‌ను ఇందూరు అనే పిలిచిన మా తాతల కాలంలో ఊళ్ళో పెళ్ళికి సన్నాయి, డోలు ఉండేవి. అది మంగలి వాళ్ళ పని, అంటే మా పని. జాతరకూ చావుకూ డప్పు, అది మాదిగ వాళ్ళది. మల్లన్న పట్నాలకు ఒగ్గు డోలు. ఆడవాళ్ళకు ఏ వాద్యమూ అక్కర్లేదు, బతుకమ్మ చుట్టూ చప్పట్లే తాళం. ఎవరి వాద్యం వాళ్ళది, ఎవరి ఊరు వాళ్ళది. కూలి కళ్ళం దగ్గర గింజల రూపంలో అందేది. వాన బాగా పడితే గింజలు ఎక్కువ, లేకపోతే లేదు. అంతకుమించి ఎవరూ బేరం ఆడే వ్యవహారం కాదు.

ఆ లెక్కను మంజీర నది నీళ్ళు మార్చాయి. ఆ నది మీద అచ్చంపేట, బంజెపల్లి మధ్య నిజాంసాగర్ ఆనకట్ట కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. పని నడిపించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. దాని కాలువ కింద 2.75 లక్షల ఎకరాలు తడపాలన్నది అంచనా. నీళ్ళు వచ్చాయి గానీ అంత నీటిని తాగే పంట కావాలి కదా. 1937-38లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ లేచిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు. ఆసియాలో ఇంత పెద్దది మరొకటి లేదని ఒకప్పుడు చెప్పుకునేవారు. ఫ్యాక్టరీకి సొంత చెరుకు తోటలు వేల ఎకరాలు ఉండేవి. జానకంపేట దగ్గర మెయిన్ లైనులోంచి చీలిన పట్టాలు బోధన్ దాకా వచ్చాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి కాలువ వెంబడి రైతులు దిగారు. వాళ్ళు కట్టుకున్న ఊళ్ళు ఇప్పటికీ క్యాంపులే. మంజీర దాటితే మరాఠీ, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉర్దూ, తోటల్లో తెలుగు.

చెరుకు సంగతి మిగతా పంటల్లాంటిది కాదు, ఇది కెమిస్టుగా చెప్తున్నాను. జొన్నలను గాదెలో పోసుకుని అవసరానికి ఇంత అమ్ముకోవచ్చు. నరికిన చెరుకును ఒక రోజు లోపల గానుగ పట్టకపోతే లోపలి సుక్రోజ్ గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విరగడం మొదలవుతుంది. విరిగిన చక్కెర గడ్డకట్టదు, మొలాసిస్‌లోకి పోతుంది. అందుకే కటింగ్ ఆర్డర్ వచ్చిన రోజే నరకాలి, ఆ రోజే బండి కట్టాలి, ఆ రాత్రికే కాంటా ఎక్కాలి. ఏడాది పెంచిన పంట మొత్తం ఒక్కసారి ఒకే కొనుగోలుదారు చేతికి పోతుంది. డబ్బు కూడా అట్లాగే, చిన్న చిన్న మొత్తాల్లో కాకుండా ఒక్కసారిగా వస్తుంది. నవంబర్‌లో గానుగ తిరిగితే మార్చి నాటికి రైతు చేతిలో నోట్ల కట్ట. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో ముహూర్తాలు. ముద్దగా వచ్చిన డబ్బు ముద్దగానే ఖర్చవుతుంది, పదిమందికీ కనపడేలా, వినపడేలా. గింజలిచ్చి వాయించుకునే సన్నాయి ఆ డబ్బుకు చాలలేదు. పట్నం నుంచి బ్యాండు కావాల్సి వచ్చింది.

ఇత్తడి బాకాలు, క్లారినెట్లు మన దేశానికి సిపాయిల వెంట వచ్చాయి. కంటోన్మెంటు ఉన్న ప్రతి చోటా రెజిమెంటు బ్యాండు ఉండేది. మీరట్‌లో జలీ కోఠీ అనే వీధి ఉంది, దేశంలోని పెళ్ళి బ్యాండ్లకు వాద్యాలు చాలామటుకు అక్కడే తయారవుతాయి. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది, దాన్ని పెట్టినవాళ్ళలో ఒకరు సైన్యంలో బ్యాండు నడిపిన మనిషే. హైదరాబాద్ రాజ్యంలో సికింద్రాబాద్ తెల్ల పటాలానికి ఒకటి, నిజాం సొంత దళాలకు ఒకటి, ఇట్లా బ్యాండ్లకు కొదవ లేదు. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ మీద భారత సైన్యం పోలీసు చర్య జరిగింది, ఆ తర్వాత నిజాం సైన్యం రద్దయింది. బాపుకు క్లారినెట్ నేర్పిన ఉస్తాద్ ఆ సైన్యంలో బ్యాండు మనిషి. కొలువు పోయాక చెరుకు డబ్బు వాసన పట్టి బోధన్ వచ్చాడు. మా తాత సన్నాయి విన్నాడు, కొడుకును చూపించి "వీనికి గాలి బాగున్నది" అన్నాడట. ఉస్తాద్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద: సన్నాయి గమకాలు మరిచిపోవద్దు.

ఉస్తాద్ పార్టీలో ఇద్దరు ముస్లింలు, ఒక మాదిగ యువకుడు సైడ్ డ్రమ్ము మీద, మా బాపు, ట్రంపెట్ పట్టిన ఒక మరాఠీ మనిషి. ఈ మాట ఊరికే చెప్పడం లేదు. సన్నాయి, డప్పు, ఒగ్గు డోలు, ప్రతి దానికీ ఒక కులం, ఒక పురాణం. ఇత్తడికి పురాణం లేదు. మీరట్ నుంచి పార్సెల్‌లో వచ్చిన వాద్యం ఎవరిది అంటే డబ్బు కట్టినవాడిది. ఎవడు ఏది పట్టుకోవాలో పెదవి బలం, ఊపిరి తేల్చాయి. అందుకని సమానత్వం వచ్చేసిందని అనను. పెళ్ళిభోజనాల్లో బ్యాండు వాళ్ళకు చివరి బంతే, కొన్ని ఇళ్ళల్లో పందిరి బయటే. కానీ బరాత్ నడిచే ఆ రెండు మూడు గంటలూ వరుసలో నిలబడేది వాద్యం స్వరాన్ని బట్టి.

ఉస్తాద్ ఎడమ చేతి దరువు మర్ఫా దరువు అని బాపు చెప్పేవాడు. మర్ఫా హైదరాబాద్ సిద్దీలది. వనపర్తి సంస్థానం పెంచిన ఆఫ్రికన్ అశ్విక దళం తర్వాత నిజాం కొలువులో చేరింది. ఆ దళం ఉన్న పేటే ఈనాటి ఏసీ గార్డ్స్. ఆఫ్రికా తీరం నుంచి, యెమెన్ నుంచి వచ్చిన ఆ డోళ్ళ చప్పుడు హైదరాబాద్ పెళ్ళిళ్ళలోకి చేరి, అక్కడి నుంచి జిల్లాలకు పాకింది. డప్పు మీద పెరిగిన చెవికి అది కొత్తగా అనిపించలేదు, చప్పున కలిసిపోయింది.

ఇక్కడ సముద్రం దాటాలి.

ల్యాబులో చేరిన కొత్తలో నేను విన్న మొదటి అమెరికన్ పేరు ఏ పాటగాడిదీ కాదు. నార్బర్ట్ రిల్యూ. 1806లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు. తండ్రి తెల్ల తోటల ఆసామి, తల్లి బానిసత్వం లేని నల్లజాతి స్త్రీ. పారిస్‌లో ఇంజనీరింగ్ చదివి లూసియానా తిరిగి వచ్చాడు. అప్పటిదాకా అక్కడ చెరుకు రసం కాయడం అంటే వరసగా పెట్టిన బాణళ్ళు, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి పొడుగాటి గరిటెలతో మరుగుతున్న రసం తోడిపోసే బానిసలు. ఒళ్ళు కాలని మనిషి ఉండేవాడు కాదు. రిల్యూ బాణలిని మూసేశాడు. మూసిన పాత్రలో రసం మరిగి వచ్చిన ఆవిరినే రెండో పాత్రను వేడి చేయడానికి వాడాడు. రెండో పాత్రలో గాలి ఒత్తిడి తగ్గిస్తే రసం తక్కువ వేడికే మరుగుతుంది. దాని ఆవిరి మూడోదానికి. ఒకసారి కాల్చిన కట్టెతో అన్ని పాత్రలూ నడుస్తాయి. 1843లో మొదటి పేటెంట్, 1846లో మెరుగుపరిచిన దానికి మరొకటి. స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళ మీద కూడా ఆంక్షలు బిగుస్తున్న ఆ రోజుల్లో ఆయన పారిస్ వెళ్ళిపోయి 1894లో అక్కడే పోయాడు. ప్రపంచంలో ఎక్కడ చక్కెర ఫ్యాక్టరీకి పోయినా ఎవాపరేటర్ హౌసులో నిలబడ్డ నాలుగు పాత్రలూ ఆయన ఆలోచనే. పదిహేను బ్రిక్స్ రసం, అంటే నూటికి పదిహేను పాళ్ళు కరిగిన పదార్థం ఉన్నది, ఒక చివర పోతుంది, అరవై బ్రిక్స్ సిరప్ ఇంకో చివర వస్తుంది. బోధన్‌లో పిప్పి కాల్చి పుట్టించిన ఆవిరి కూడా అదే దారిన నడిచింది.

రిల్యూ ఊరి గురించి చదువుదామని కూర్చుంటే బాపు ఊరేగింపులు కనపడ్డాయి. న్యూ ఆర్లీన్స్ వీధుల్లో క్లారినెట్, ట్రంపెట్, ట్రాంబోన్, భుజానికి వేలాడే డ్రమ్ము. పెళ్ళికీ, జెండా పండుగకూ, శవయాత్రకూ బ్యాండే. సైన్యాల నుంచి బయటపడ్డ పాత వాద్యాలు చవగ్గా దొరికాయంటారు. ఆదివారాలు కాంగో స్క్వేర్‌లో బానిసలు మోగించిన ఆఫ్రికా డోళ్ళు అప్పటికే ఆ ఊరి చెవిలో ఉన్నాయి. పటాలం వాద్యం, ఆఫ్రికా దరువు, పాడేవాళ్ళ గమకం, ఈ మూడూ కలిసినచోట జాజ్ పుట్టింది. ఉస్తాద్ పార్టీలో కూడా ఆ మూడూ ఉన్నాయి కదా! పుట్టింది మాత్రం వేరే. ఎందుకు వేరే అయిందన్నది సంగీతం చదువుకున్నవాళ్ళు చెప్పాలి. నా ఊహ ఒకటుంది: మా వాళ్ళను పెళ్ళివారు అడిగిన పాటే వాయించమన్నారు, అడగని పాట కోసం ఎవరూ పైసా ఇవ్వలేదు. న్యూ ఆర్లీన్స్ వాళ్ళకు పెళ్ళి పని అయ్యాక వాయించుకోవడానికి నాట్యశాలలు ఉన్నాయి.

ఆ ఊరి చుట్టూ మిసిసిపి వెంట చెరుకు తోటలు. జేమ్స్ బి. హంఫ్రీ అని ఒక నల్లజాతి గురువు ఉండేవాడు, 1859లో పుట్టినవాడు. అందరూ ప్రొఫెసర్ అనేవారు. న్యూ ఆర్లీన్స్ నుంచి తోటలకు పోయి చెరుకు కూలీలకు బ్యాండు నేర్పేవాడు. మాగ్నోలియా తోటలో ఆయన తయారు చేసిన ఎక్లిప్స్ బ్యాండులోంచి పట్నం వచ్చిన వాయిద్యగాళ్ళు తర్వాత పేరు తెచ్చుకున్నారు. ట్రాంబోన్ వాద్యానికి జాజ్‌లో ఒక నడక నేర్పిన కిడ్ ఓరీ 1886లో లాప్లాస్ ఊరి దగ్గర వుడ్‌ల్యాండ్ చెరుకు తోటలో పుట్టాడు. చిన్నప్పుడు చుట్టల డబ్బాతో తంతివాద్యం చేసుకున్నాడని చెప్తారు. ఆ తోటకు ఇంకో చరిత్ర ఉంది. 1811 జనవరిలో వందల మంది బానిసలు తిరగబడి డోళ్ళు మోగించుకుంటూ న్యూ ఆర్లీన్స్ వైపు నడిచారు. అమెరికాలో జరిగిన బానిసల తిరుగుబాట్లలో అంత పెద్దది లేదు. అది మొదలైంది ఆ తోటలోనే. మా కూలీల బతుకు కష్టమే గానీ దాన్ని వీళ్ళ కష్టం పక్కన పెట్టి తూచడం నాకు ఇష్టం లేదు. అక్కడ చెరుకు కోసం మనుషులను కొన్నారు. పోలిక వాద్యాల దగ్గర ఆగాలి.

మరి ఆ సంగీతం బోధన్ ఎట్లా చేరింది? రైల్లో కాదు, సినిమాలో. 1935లో లియాన్ ఆబీ అనే నల్లజాతి వయొలినిస్టు తన బ్యాండుతో బొంబాయి తాజ్ హోటల్లో దిగాడు. న్యూ ఆర్లీన్స్‌లో పియానో నేర్చుకున్న టెడ్డీ వెదర్‌ఫర్డ్ కూడా అదే హోటల్లో వాయించి, చివరికి కలకత్తాలో కలరా తగిలి 1945లో కన్ను మూశాడు. వాళ్ళ పక్కన నిలబడి నేర్చుకున్నది గోవా కుర్రాళ్ళు. వాళ్ళల్లో చిక్ చాకొలేట్ అనే పేరుతో ట్రంపెట్ వాయించినవాడు ఉన్నాడు. హోటళ్ళలో రాత్రి జాజ్, పగలు స్టూడియోలో హిందీ సినిమా పాట. సి. రామచంద్ర సంగీతం చేసిన 'అల్‌బేలా' 1951లో వచ్చింది. అందులో ట్రంపెట్, క్లారినెట్ తుళ్ళింతలు వింటే ఎవరి చెయ్యి ఉందో తెలుస్తుంది. ఆ పాటలు నిజామాబాద్ టాకీసులకు వచ్చాయి. ఉస్తాద్ పార్టీ వాళ్ళు నేల టికెట్ కొని, పాట వచ్చే వేళకు చెవి పెట్టి, పాట అయిపోగానే లేచి బయటికి వచ్చి మైదానంలో వాయించుకునేవారట. ఒక్కొక్కడు ఒక్కో భాగం గుర్తుపెట్టుకోవాలి. సగం గుర్తు, సగం కల్పన. కల్పించిన ఆ సగమే జాజ్ అంటే జాజ్ అని నా అభిప్రాయం. బాపు ఒప్పుకునేవాడు కాదు. "గుర్తుకు రాని కాడ ఏదో ఒకటి ఊదాలె గద, బరాత్ ఆగుతదా?"

ఆ క్లారినెట్ గురించి ఒక మాట. నల్లని గొట్టం మనిషి చేసింది, నోట్లో పెట్టుకునే రీడు మాత్రం గడ్డి. అరండో డోనాక్స్ అనే గడ్డి కాడను చీల్చి, చెక్కి రీడు చేస్తారు. అదీ చెరుకూ ఒకే కుటుంబం. వానాకాలం రీడు మెత్తబడి స్వరం దిగిపోయేది, ఎండాకాలం బిర్రబిగిసి కీచుమనేది. ఏప్రిల్ బరాత్‌కు ముందు బాపు రీడును స్టీలు గ్లాసులో నీళ్ళలో నానబెట్టి, బ్లేడుతో అంచు గీసేవాడు. నేను ల్యాబులో రోజంతా చెరుకు గడ నీరు కొలిచి ఇంటికి వస్తే ఆయన ఇంకో గడ్డికి నీరు పట్టిస్తూ కనపడేవాడు.

ప్రకృతి గొంతులతో జాజ్ కట్టడం కూడా ప్రపంచంలో ఒక శాఖ. సాక్సోఫోన్ వాయించే పాల్ వింటర్ తన బృందంతో 1978లో 'కామన్ గ్రౌండ్' అనే రికార్డు తెచ్చాడు. అందులో తిమింగలం, తోడేలు, గద్ద గొంతులు ఉన్నాయి. వాటితో పాటు సాక్సోఫోన్. మంచి పనే. అయితే మా చెరుకు తోటల్లో నక్కలు తరతరాలుగా రాత్రి కచేరీ చేశాయి, తియ్యటి గడ నమిలి మరీ. ఒక్కడూ మైకు పెట్టలేదు.

నాకు దగ్గరగా అనిపించేది అంతకన్నా పాతది. 1963లో డ్యూక్ ఎలింగ్టన్ ఆర్కెస్ట్రాను అమెరికా ప్రభుత్వం పశ్చిమ, దక్షిణ ఆసియా దేశాలకు పంపింది. మన దేశానికీ వచ్చారు. ఆయనతో కలిసి సంగీతం రాసే బిల్లీ స్ట్రేహార్న్ ఢిల్లీలో ఉన్నప్పుడు ఒక మైనా పిట్ట కూత విన్నాడు. 1966 డిసెంబర్‌లో రికార్డు చేసిన 'ద ఫార్ ఈస్ట్ సూట్'లో 'బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ' అనే భాగం ఆ కూత మీద కట్టిందే. పిట్ట గొంతు పలికింది జిమ్మీ హామిల్టన్ క్లారినెట్. చుట్టూ ఆర్కెస్ట్రా కదులుతుంటుంది, పిట్ట తన పాటికి తాను ఒకే మాట పలుకుతుంటుంది. మైనా అంటే మన గోరింక. బాపు వాయించడం మానేసిన తర్వాత ఆయనకు వినిపించాను. క్లారినెట్ గాలి ఎట్లా పట్టాడో, వేళ్ళు ఎక్కడ లేపాడో అంతా విన్నాడు, రెండోసారి పెట్టమన్నాడు. "మంచి చెయ్యి. గని గిది పంజరంల గోరింక. పొలంల గోరింక ఒక్క మాట మీద ఉండదు, కొంగను చూస్తే ఒకటి, పామును చూస్తే ఒకటి, గింజ కనపడితే ఒకటి" అన్నాడు. పిట్టల మీద పుస్తకాలు రాసినవాళ్ళు ఈ మాట వింటే కాదనరు.

గోరింకకూ చెరుకుకూ లంకె ఒక్క మన దగ్గరే కాదు. దున్నుతున్న నాగలి వెంట నడుస్తూ పురుగు ఏరుకునే ఈ పిట్ట పనితనం చూసి, 1865లో విలియం హిల్లెబ్రాండ్ అనే వైద్యుడు ఇండియా నుంచి వీటిని హవాయి దీవులకు పట్టుకుపోయాడు, అక్కడి పైరును తినే పురుగుల మీదికి తోలడానికి. 1883లో ఆస్ట్రేలియా క్వీన్స్‌ల్యాండ్ చెరుకు తోటల్లోకీ ఇదే పని మీద తెచ్చారు. మన కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలు మారిషస్ చెరుకుకు పోయినట్టే గోరింకలూ పోయాయి, కాకపోతే ఒప్పంద పత్రం లేకుండా. కొత్త చోట అవి పురుగులతో ఆగలేదు. హవాయిలో లాంటానా పండ్లు తిని గింజలు కొండలంతా చల్లాయి. ఇక్కడ పంటకు కాపలా, అక్కడ పీడ. పిట్ట మారలేదు, చుట్టూ ఉన్న ఊరు మారింది.

మా మేళానికి పంచాంగంలో పెళ్ళి లేని పని ఒకటే, సద్దుల బతుకమ్మ. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలు, తొమ్మిదో రోజు సద్దులు. ఆడవాళ్ళు పాడుకునేదానికి బ్యాండు అవసరం లేదు, ఒకరు అందిస్తే మిగతావాళ్ళు 'ఉయ్యాలో' అని అందుకుంటారు. అడిగే గొంతు, బదులిచ్చే గొంతు. లూసియానా తోటల్లో కూలీల పాట నడిచిందీ ఇదే వరసలో, జాజ్‌లో ట్రంపెట్‌కు క్లారినెట్ బదులిచ్చేదీ ఇదే. బ్యాండు పని ఇంటి నుంచి చెరువు దాకా బతుకమ్మలను సాగనంపడం. బాపు అందించే గొంతును క్లారినెట్ మీద పట్టుకునేవాడు, బదులు మాత్రం వాయించేవాడు కాదు. అది వాళ్ళది అనేవాడు. ఆడవాళ్ళు బదులిచ్చేవారు. అంతకు మించిన మేళం నేను వినలేదు.

ఆ పూల సంగతి చూడండి. తంగేడు గట్ల మీద, బీడుల్లో వస్తుంది. గునుగు జొన్న చేలల్లో, మెట్ట చేలల్లో కలుపుగా లేస్తుంది. పట్టుకుచ్చు, బంతి, కట్ల పూలు, గుమ్మడి, చెరువులో తామర. ఎవరూ విత్తనం వేయని పూలే ఎక్కువ. నీళ్ళ మడి కిందికి పోయిన భూమిలో గునుగు లేవదు. గట్లకు కలుపు మందు కొట్టినచోట తంగేడు ఉండదు. ఇప్పుడు బోధన్ అంగట్లో గునుగు కట్టలు కట్టి అమ్ముతున్నారు. మా అవ్వ బతికి ఉంటే కొనడానికి ఒప్పుకునేది కాదు. పువ్వు కొంటే బతుకమ్మకు ఎంగిలవుతుందని కాదు, కలుపుకు పైసలేంది అని.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి పొడుగు చేయను. నిజాంసాగర్‌లో పూడిక పేరుకుంది. 29.7 టీఎంసీలు పట్టేలా కట్టిన చెరువు 17.8కి దిగింది. ఎగువన సింగూరు వచ్చింది, మంజీర నీళ్ళు హైదరాబాద్ కుళాయిలకు పోయాయి. చెరుకుకు ఏడాది పొడుగునా తడి కావాలి. కాలువ ఎప్పుడు వస్తుందో నమ్మకం లేని రైతు నాలుగు నెలల వరికి మారాడు. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో లాకౌట్. గానుగ ఆగిపోతే దాని వెంట వచ్చే ముద్ద డబ్బు ఆగింది. అది ఆగే సమయానికే బరాత్ ముందు డీజే బండి నిలబడింది. డీజేనే బ్యాండును చంపిందని మా వాళ్ళు అంటారు. సగమే నిజం. డీజే తక్కువ డబ్బుకు ఎక్కువ చప్పుడు. చేతిలో డబ్బు తక్కువైన ఊరు దాన్నే పిలుస్తుంది. చెరుకు ఉన్న కాలంలో డీజే వచ్చి ఉంటే రెండూ పక్కపక్కన నడిచేవి. కొన్ని పెద్ద పెళ్ళిళ్ళలో ఇప్పటికీ నడుస్తున్నాయి.

బాపు క్లారినెట్ ఇప్పుడు వర్ని వైపు ఒక పార్టీ మాస్టర్ దగ్గర ఉంది. నేనే ఇచ్చాను, కప్పులు వదులై, తోలు ప్యాడ్లు చీలి ఉన్నాయి, హైదరాబాద్ పంపి బాగు చేయించుకున్నాడు. అతని పార్టీలో సాక్సోఫోన్ కూడా ఉంది. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని, దాని మీద కర్ణాటక సంగీతం పలికించిన కద్రి గోపాల్‌నాథ్ క్యాసెట్లు విని నేర్చుకున్నానని చెప్పాడు. ఉస్తాద్ షరతు, సన్నాయి గమకం మరిచిపోవద్దన్నది, వేరే దారిన తిరిగి మళ్ళీ ఈ జిల్లాకే వచ్చిందన్నమాట.

మొన్న అతని దగ్గరికి పోతే గోడ మీద క్యాలెండర్ కనపడింది. ముహూర్తాల కింద గీతలున్నాయి గానీ సగం తేదీల పక్కన ఊరి పేరు లేదు. ఏమని అడిగాను.

"కొనుగోలు కేంద్రంల వడ్లు ఇంక కాంటా కాలేదు సార్. వడ్ల పైసలు ఖాతాల పడ్డంక బయానా ఇస్తమంటున్నరు. మీ బాపు కాలంల చెరుకు పైసలు పడ్డంక ఇచ్చిండ్రు గద, గంతే. కాకుంటే వరి రెండు కార్లు, రెండుసార్లు ఎదురుచూడాలె" అన్నాడు. డ్రమ్ము పట్టీ బిగిస్తున్న కుర్రాడితో ఆ వారం వచ్చే రెండు పిలుపుల్లో ఏది ముందు ఒప్పుకోవాలో మాట్లాడుతున్నాడు. ఒకటి ఎడపల్లిలో పెళ్ళి, ఇంకోటి రెంజల్‌లో ఒక షష్టిపూర్తి. షష్టిపూర్తి వాళ్ళు ముందే మొత్తం కడతామన్నారు, పాత హిందీ పాటలు మాత్రమే కావాలన్నారు. 'అల్‌బేలా' పాటలు వచ్చా అని నేను అడిగాను. సగం వచ్చు, మిగతా సగం అక్కడ చూసుకుంటం అన్నాడు.